పీడీ గారి ఊరేగింపు

పీడీ వీరాంజనేయులు గారికి ఊరేగింపుల పిచ్చి. లోకంలో కాఫీ పిచ్చి వాళ్ళున్నారు, పేకాట పిచ్చి వాళ్ళున్నారు, వాళ్ళతో ఎలాగో సర్దుకుపోవచ్చు. ఈయన పిచ్చికి మాత్రం ట్రాక్టరు కావాలి, బ్యాండు కావాలి, బంతిపూల దండలు కావాలి, ట్రాక్టరు ఎక్కి చేతులూపడానికి ఆడపిల్లలు కావాలి. చిలకలూరిపేట అవతల ఓ మండల కేంద్రంలోని డిగ్రీ కాలేజీలో ఆయన ఆటల మాస్టారు. అక్కడి అమ్మాయిల కబడ్డీ జట్టుకి శ్రీదివ్య కెప్టెన్. ఆయన ఊరేగిస్తుంటే ముందు నిలబడి సిగ్గుతో చచ్చిపోవడం ఆ పిల్ల డ్యూటీ.

గెలిస్తే ఊరేగించడం ఎక్కడైనా ఉన్నదే. ఈయన మూడో స్థానానికి ఊరేగించారు. కొత్త జెర్సీలు వచ్చాయని ఊరేగించారు. శ్రీదివ్య ఫస్టియర్లో ఉండగా జట్టు మొదటి మ్యాచిలోనే చిత్తుగా ఓడి, తలలు వేలాడేసుకుని బస్సు దిగేసరికి గఫూర్ బ్యాండు ఎదురుగా నిలబడి ఉంది.

"ఏం గెలిచారు సార్?" అన్నాడు గఫూర్ క్లారినెట్ తుడుచుకుంటూ.

"టాస్."

"టాస్‌కి ఏ పాట వాయించాలి సార్?"

"కప్పుకి వాయించేదే వాయించు. పిల్లలు చిన్నబుచ్చుకుంటారు."

పిల్లలు చిన్నబుచ్చుకోవడం కాదు, భూమి చీలితే బాగుండునని చూశారు. శ్రీదివ్య ఆ రోజు చున్నీ మొత్తం మొహానికి చుట్టుకుంది. అయినా మెడికల్ షాపు పెద్దాయన ఇట్టే గుర్తుపట్టి, "అమ్మాయ్, టాసు బొమ్మ పడిందా, బొరుసు పడిందా?" అని అడిగాడు. ఇప్పటికీ ఆ షాపులో ఆమె తలనొప్పి మాత్ర కూడా కొనదు.

ఈ ఏడు జట్టుకి నిజంగానే దశ తిరిగింది. స్తుతి అనే పిల్ల కూతకి వెళ్తే ఎదుటి జట్టు కోర్టు ఖాళీ చేసేది. సెమీఫైనల్ ఒంటిచేత్తో గెలిపించింది. ఆ మర్నాటి నుంచి కాలేజీకి రావడం మానేసింది. మిరప కోతలు మొదలయ్యాయి. స్తుతి నాన్న దానయ్య కోతల ముఠాకి మేస్త్రీ. వాళ్ళమ్మ జయకుమారికి మోకాళ్ళ నొప్పులు, వంగి కాయ కొయ్యలేదు. ఆమె సాలు కూతురికి అప్పజెప్పి, చదువు ఇక చాలన్నాడు దానయ్య.

శ్రీదివ్య వాళ్ళింటికి వెళ్ళి బతిమాలింది.

"ఫైనల్ ఉంది బాబాయ్. అది లేకపోతే మేం నిలబడలేం."

"కోతకి మనిషి లేకపోతే మేమూ నిలబడలేం అమ్మా," అన్నాడు దానయ్య. గుమ్మం లోపల స్తుతి చేతులకి కొబ్బరినూనె రాసుకుంటోంది. మిరప మంట. తలెత్తి చూడలేదు. శ్రీదివ్య చెప్పులేసుకుని వచ్చేసింది.

ఫైనల్ రోజు ఏడో మనిషి లేక, చదరంగం ఆడే రెబెకాకి జెర్సీ తొడిగి కోర్టులో నిలబెట్టారు. "నేను ఎటు కదలాలి?" అంది రెబెకా. ఎటూ కదిలే పని పడలేదు. తాడేపల్లి వైపు నుంచి రావలసిన ఎదుటి జట్టు బస్సు, కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరప టిక్కీ బస్తాల లారీల వరసలో ఇరుక్కుపోయింది. రిఫరీ గడియారం చూసి, విజిల్ ఊది, వాకోవర్ అన్నాడు. ఒక్క కూతైనా కూయకుండా ఛాంపియన్లు.

సాయంత్రానికి యూనివర్సిటీ నుంచి ఫోను. ఆడని ఫైనల్‌కి ఛాంపియన్‌షిప్ గుర్తింపు ఇవ్వరట. సోమవారం మళ్ళీ ఆడాలట. శ్రీదివ్యకి హమ్మయ్య అనిపించింది. గుర్తింపు లేదు కాబట్టి ఊరేగింపూ ఉండదు కదా అనుకుంది. పిచ్చి పిల్ల.

మర్నాడు కాలేజీ గేటు ముందు ట్రాక్టరు, దాని మీద 'యూనివర్సిటీ ఛాంపియన్లు' అని ఫ్లెక్సీ.

"సార్, మనం ఛాంపియన్లం కాదు సార్. వాళ్ళు గుర్తించలేదు."

"సోమవారం దాకా ఎవరూ ఛాంపియన్లు కారు. అంతదాకా మనం అయితే ఎవరికి నష్టం? ఎక్కమ్మా."

"ఫ్లెక్సీ అయినా తీసేయండి సార్."

"అది ట్రాక్టరుకి దిష్టి తగలకుండా. ఎక్కు."

ఎక్కింది. చున్నీ కప్పుకుంది. ఆడని ఆటకి దండ వేయించుకోవడం కంటే సిగ్గు ఇంకేముంటుంది? పక్కన రెబెకా మాత్రం హాయిగా చేతులూపుతోంది. మెయిన్ బజారు రాగానే శ్రీదివ్య కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి ట్రాక్టరు బజారు వదిలేసి, చర్చి వెనక సందులో, దానయ్య ఇంటి ముందు ఆగి ఉంది.

అప్పుడే మిరప చేలో నుంచి వచ్చిన దానయ్య కాళ్ళు కడుక్కుంటున్నాడు. వీరాంజనేయులు గారు ట్రాక్టరు దిగి, ఆయన తడికాళ్ళ మీద ఉండగానే శాలువా కప్పేశారు. మైకు అందుకున్నారు.

"ఈ సందులో యూనివర్సిటీ ఫైనల్‌కి ఆడపిల్లని పంపిన తండ్రి ఒక్కడే. ఈయనే. కోతలున్నా కూతురి చదువు ఆపని మనిషి. దానయ్య గారు రెండు ముక్కలు మాట్లాడతారు."

సందంతా చప్పట్లు. చర్చికొచ్చే వాళ్ళు, ముఠాలో వాళ్ళు, చుట్టాలు, అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. దానయ్య మైకు వంక చూశాడు, శాలువా వంక చూశాడు, కూతురి వంక చూశాడు.

"నేనేం చెప్తానండీ," అన్నాడు. "పిల్ల ఆడుద్ది. సోమవారం వచ్చుద్ది." కాస్త ఆగి, శాలువా సర్దుకున్నాడు. "చదువు కూడా ఆగదు. ఆపుతున్నానని ఎవరన్నా అన్నారా ఏంది?"

ఎవరూ అనలేదన్నారు అందరూ. జయకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "కోతకి మా చెల్లెల్ని పిలుస్తాలే," అంది. ఆ మాట వారం నుంచి ఆమె నోట్లోనే ఉన్నట్టుంది, అడిగినవాళ్ళు లేరు.

శ్రీదివ్య మెల్లిగా గఫూర్ పక్కకి చేరింది. "సార్‌కి ముందే తెలుసా?"

"సారు ట్రాక్టరు ఎప్పుడూ సందుల్లోకే కదమ్మా తిప్పేది. బజార్లో ఏముంది? నాన్నలంతా ఇళ్ళ దగ్గరుంటారు." గఫూర్ క్లారినెట్ దించాడు. "మీ ఇంటికీ వచ్చాంగా, టాస్ గెలిచినప్పుడు. మీ నాన్న నిన్ను స్పిన్నింగ్ మిల్లుకి పంపుదామనుకుంటున్నాడని సారుకి ఎవరో చెప్పారు."

శ్రీదివ్యకి అప్పుడొచ్చింది అసలు సిగ్గు. ఇన్నాళ్ళూ పడింది దీని ముందు సిగ్గే కాదు. మొహం దాచుకోవడానికి చున్నీ అందుకోబోయి, వీరాంజనేయులు గారు మైకు వైరు చుడుతూ కనబడేసరికి వదిలేసింది. "సార్" అని పిలవబోయింది. పిలవకుండానే వెళ్ళి వైరు రెండో కొస పట్టుకుంది.

సోమవారం స్తుతి వచ్చింది. ప్రాణం పెట్టి ఆడింది. అందరూ ఆడారు. ఓడిపోయారు. ఛాంపియన్‌షిప్ గుర్తింపు లారీల మధ్య ఇరుక్కున్న వాళ్ళకే దక్కింది. దక్కాల్సిందే, వాళ్ళు బాగా ఆడారు. వీరాంజనేయులు గారు బస్సులో అందరికీ బత్తాయిలు పంచి, ఫోను తీసి గఫూర్‌కి కలిపారు.

"కెప్టెనమ్మ ఇందాకే చేసింది సార్," అన్నాడు గఫూర్ అవతల నుంచి. "ట్రాక్టరు వాడికి కూడా చెప్పేసింది. రెబెకా వాళ్ళ సందుకంట. ఆ అమ్మాయిని హైదరాబాదులో ఎవరింట్లోనో పనికి పెడుతున్నారంట గదా."

వీరాంజనేయులు గారు వెనక్కి తిరిగి శ్రీదివ్య వంక చూశారు. ఆమె కిటికీలోంచి పత్తి చేలు చూస్తోంది, ఏమీ తెలియనట్టు.

ఆ సాయంత్రం ట్రాక్టరు మెయిన్ బజారులోకి వచ్చింది. ముందు వరసలో శ్రీదివ్య. చున్నీ నడుముకి బిగించి ఉంది. మెడికల్ షాపు పెద్దాయన మెట్లు దిగి వచ్చాడు.

"ఏం గెలిచారమ్మాయ్ ఈసారి?"

"ఓడిపోయామండీ," అంది శ్రీదివ్య, బ్యాండు మోతని మించి వినబడేలా. "ఆ స్కూటర్ కాస్త పక్కకి తియ్యండి, సందులోకి తిరగాలి."