పద్దెనిమిది డిగ్రీలు తప్పిన గాలి

2023లో నేను లుసైల్‌లోని ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో గాలి లెక్కలు చూసే ఇంజనీరుని. ఖతార్ ఉత్తరాన ఎడారిలో మేం నిలబెట్టిన మెట్ మాస్ట్ నుంచి రోజూ డేటా వచ్చేది. మెట్ మాస్ట్ అంటే గాలిని కొలిచే ఎత్తైన ఇనుప స్తంభం. దాని మీద వేగం కొలిచే అనిమోమీటర్లు, దిక్కు చెప్పే విండ్ వేన్ ఉంటాయి. వేన్ మీది గుర్తు సరిగ్గా ఉత్తరానికి ఉండేలా బిగించాలి. కరెంటు తీయడానికి అక్కడి గాలి చాలుతుందా, గాలిమరలు ఏ వరసలో నిలపాలి అన్నది ఏడాదైనా కొలిచాకే తేలుతుంది. దిక్కు తప్పు పడితే ఒక మరకు అందాల్సిన గాలికి ఇంకో మర అడ్డం పడుతుంది.

ఎనిమిది నెలల డేటాను దగ్గర్లోని వాతావరణ కేంద్రం రికార్డుతో పోల్చి చూశాను. వేగాలు కలిశాయి, దిక్కు కలవలేదు. ఇక్కడి షమాల్ గాలి వాయవ్యం నుంచి వీస్తుంది. మా వేన్ దాన్ని ఉత్తరానికి జరిపి చూపిస్తోంది. ప్రతి నెలా అదే తేడా, పద్దెనిమిది డిగ్రీలు. గాలి ఇంత పద్ధతిగా తప్పు చేయదు, మనిషే చేస్తాడు.

"వేన్ బిగించిందెవరు? సాయంత్రానికి పేరు కావాలి. ఇంటికి పంపేద్దాం" అన్నాడు మా మేనేజర్.

బిగించింది నర్సయ్య. జగిత్యాల వైపు మనిషి, పదిహేనేళ్లుగా టవర్లు ఎక్కుతున్నాడు. నాది తాడిపత్రి, నోరు కాస్త దురుసు. సైటులో బండి దిగుతూనే మొదలుపెట్టాను.

"ఏమయ్యా, ఉత్తరం ఎట్ల పెట్టినావు? కంపాస్ ఇచ్చినాం కదా!"

"టవర్ కాడ ముల్లు నిలుస్తలేదు సార్, ఇనుము గదా. దూరం పోయి చూడాల్నని ఎవ్వలు చెప్పలే."

"మరి?"

"డ్రైవర్ ఖాన్ భాయ్ అప్పుడే నమాజు జేస్తుండె. మా ఊళ్లె పడమటికే జేస్తరు. గదే పడమర అనుకొని ఉత్తరం గుర్తు బెట్టిన."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన ఊళ్ల నుంచి మక్కా పడమరే. ఖతార్ నుంచి చూస్తే పడమర కంటే దక్షిణానికి వాలి ఉంటుంది, దాదాపు ఆ పద్దెనిమిది డిగ్రీలే.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని అరిచాను.

"తప్పే సార్. పంపిస్తరా? బిడ్డ నర్సింగు సదువుతాంది, ఇంకో ఏడాది ఉంది." నా ముఖంలోకి చూశాడు. "గని ఒక్క మాట. ఉత్తరం గుర్తు చూసినమని కాయితం మీద సంతకం బెట్టిందెవలు సార్?"

నేనే. ఆఫీసులో ఏసీ కింద కూర్చుని, అతను పంపిన ఫోటో చూసి పెట్టేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇద్దరం స్తంభానికి దూరంగా నడిచి వెళ్లి కంపాస్‌తో మళ్లీ కొలిచాం. పద్దెనిమిదే వచ్చింది. తప్పు మొదటి నుంచీ ఒకే తీరున ఉంది కాబట్టి దిక్కు చూపే అన్ని అంకెల్లోంచీ ఆ పద్దెనిమిది తీసేస్తే డేటా దక్కింది. మేనేజర్ అడిగిన పేరు దగ్గర నా పేరే రాశాను. ఆ ప్రాజెక్టు నుంచి నన్ను తప్పించారు, నర్సయ్య ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు ఏ మాస్ట్ అయినా దాని దగ్గరికి వెళ్లి, నా కళ్లతో చూశాకే సంతకం పెడతాను. నర్సయ్య తెలియక తప్పు చేశాడు. నేను తెలిసే చేశాను.