మూడు కూతలకు దించే మైక్రోవేవ్

మా అత్తయ్యకు చేతులు వణకడం మొదలైన ఏడాది ఆవిడ చీర చెంగు గ్యాసు పొయ్యికి అంటుకుంది. పక్కనే ఉన్నాను కాబట్టి చెంబెడు నీళ్ళతో పోయింది. సాయంత్రం మా ఆయన కంచికచర్లలో ఎరువుల కొట్టు కట్టేసి వచ్చి, సంగతి విని, "ఇక నుంచి అమ్మ పొయ్యి వెలిగించడానికి వీల్లేదు" అని తేల్చేశారు. అత్తయ్య అగ్గిపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టేసింది. మాటకు మాట అప్పజెప్పే మనిషి ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం మా ఇంట్లో అంతకుముందు జరగలేదు.

ఇల్లు నందిగామలో, నేను పాఠాలు చెప్పే బడి జగ్గయ్యపేటలో. పొద్దున్నే వంట ముగించి బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేది సాయంత్రమే. చల్లటి అన్నం అత్తయ్యకు సయించదు. షుగరుంది, వేళకు తినకపోతే కళ్ళు తిరుగుతాయి. పొయ్యి వద్దన్నాక, నేను వండిపెట్టిన గిన్నెలు పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. ఇన్ని మజ్జిగ తాగి పడుకునేది. ఒకరోజు పక్కింటావిడ ఫోన్ చేసి, "మీ అత్తగారు అరుగు మీద చతికిలబడ్డారండీ, పంచదార నీళ్ళు పట్టించా" అని చెప్పింది. ఉద్యోగం మానేయక తప్పదేమో అనుకున్నాను ఆ సాయంత్రం బస్సులో. అనుకోగానే ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు కోపమొచ్చింది.

మైక్రోవేవ్ మా ఇంట్లోకి అలా వచ్చింది.

"మంట లేకుండా ఎట్టా ఉడుకుద్దమ్మాయ్? లోపల దెయ్యమేమన్నా కూర్చుని ఊదుద్దా?" అంది అత్తయ్య.

మా ఇంట్లో గిన్నె అంటే స్టీలు గిన్నే. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ వచ్చినవి, పేర్లు చెక్కినవి, అటక నిండా ఉన్నాయి. అవి లోపల పెడితే నిప్పురవ్వలు లేస్తాయని చెప్పేసరికి ఆవిడకు ఆ పెట్టె మీద ఉన్న కాస్త గౌరవమూ పోయింది. గాజు గిన్నెలు కొనుక్కొచ్చాను. పొద్దున వండినవి చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి వెళతాననీ, మూత బిగించకుండా ఆవిరి పోయే సందు ఉంచాలనీ, గుడ్డు పెంకుతో పెడితే పేలుతుందనీ బడిలో పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. ఆవిడా పిల్లలు విన్నట్టే వింది.

మర్నాడు సాయంత్రం వచ్చి చూస్తే దొండకాయ కూర వరుగులైపోయి ఉంది. మెతుకులు మళ్ళీ బియ్యమయ్యాయి.

"తిన్నారా అత్తయ్యా?"

"తినటానికి పళ్ళుండాలిగా."

ఆ మర్నాడూ అదే తంతు. ఎంతసేపు పెట్టారని నిలదీశాను.

"నువ్వు చెప్పిన బొత్తామే నొక్కా. మూడు కూతలు రానిచ్చి దించా."

అప్పటికి గానీ నాకు వెలగలేదు. కుక్కరులో పప్పయినా అన్నమైనా మూడు కూతలకు దించడం ఆవిడ వాడుక. ఈ పెట్టె పని ముగించి టింగుమంటే ఒక కూత అయిందనుకుంది. అందుకని మళ్ళీ నొక్కింది, మళ్ళీ నొక్కింది. నవ్వు ఆపుకోలేకపోయాను.

"నవ్వు, నవ్వు. టీచరమ్మలకి నవ్వటం తప్ప చెప్పటం రాదు" అంది.

ఎంత మాట! ఉక్రోషం ముంచుకొచ్చింది. ఆదివారం పొద్దున్నే ఆవిడను వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టాను.

"మూడు కూతలే కానివ్వండి. కాకపోతే ఆ పెద్ద బొత్తాం వద్దు, ఈ అరనిమిషం బొత్తాం నొక్కండి. మొదటి కూతకి తీసి కలపండి. రెండో కూతకీ కలపండి. అంచులు ముందు కాలతాయి, నడుమ చల్లగానే ఉంటుంది, అందుకు. మూడో కూతకి మాత్రం కాసేపు తలుపు తీయొద్దు."

"తీస్తే ఏమైద్దంట?"

"గంజి వార్చిన అన్నం వెంటనే ఎందుకు వడ్డించరు?"

"ఉమ్మగిల్లొద్దూ?"

"ఇదీ అంతే."

అత్తయ్య పెట్టె వంక మొదటిసారి మనిషిని చూసినట్టు చూసింది. "ఆ ముక్క ముందే ఏడవచ్చుగా" అంది.

ఆ రోజు చెంచాతో నడుమ నుంచి కాస్త తీసి రుచి చూసుకుని, పొగలు రాలేదని ఇంకో కూత పెట్టించి, కడుపునిండా తింది. వారం తిరిగేసరికి ఆవిడ లెక్కలు ఆవిడకు ఏర్పడ్డాయి. గట్టి పప్పుకి నాలుగు కూతలు, నిన్నటి ఇడ్లీకి నీళ్ళు చిలకరించి ఒకటే. పక్కింటావిడకు పాఠాలు కూడా మొదలయ్యాయి. పక్కింట్లో మైక్రోవేవ్ లేదన్న సంగతి అత్తయ్య పట్టించుకోలేదు.

వానాకాలంలో ఒకరోజు హైవే మీద సిమెంటు లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయి, బస్సు కదలక, ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టేశారు. ఇంకా కూర వండాలి కదా అని విసుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళాను. గట్టు మీద గాజు గిన్నె, మూత వారగా పెట్టి ఉంది. లోపల వంకాయ కూర, పొగలు కక్కుతోంది. ముక్కలు ఒకటి బెత్తెడు, ఒకటి గోరంత.

"దీన్లో పచ్చి కూర కూడా ఉడికిద్ది, తెలుసా నీకు?" అంది అత్తయ్య నాకే చెబుతూ. "ఎన్ని కూతలో లెక్కపెట్టలా. కలుపుతా, మెత్తబడేదాకా పెట్టా. కాళ్ళు కడుక్కునిరా."

పళ్ళెం ముందు కూర్చున్నాను. గరిటె వణికి కూర సగం పక్కన పడింది. ఆవిడ తీసి వేయబోతే నేనే ఎత్తి కలుపుకున్నాను. ఉప్పు కాస్త ఎక్కువైంది. ఆకలి మీద అదీ బాగానే ఉంది. మళ్ళీ వేయించుకున్నాను.

"రేపట్నించి సాయంత్రం కూర నాకొదిలెయ్" అంది ఆవిడ. "నువ్వు నీ బడి చూసుకో."

అలాగేనండీ అన్నాను.