ఎవడు తెచ్చిండో రాయని మందు

మా వీపనగండ్ల పశువుల డాక్టరు సారు పోయారని మన్ననూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను గొర్రెలకు నీళ్లు పెడుతున్నాను. గుండెపోటన్నారు. నేను ఒప్పుకోను. ఆయన్ను చంపింది వనపర్తిలో పశువుల మందులమ్మే ఒక దుకాణదారు. వాడికి నా నోరు తోడైంది.

సారు ఏ సీసాలో సూది గుచ్చాలన్నా ముందు దాని మీది చీటీ మాకు పైకి చదివి వినిపించేవారు. మాకు చదువు రాకపోయినా విని తలూపాల్సిందే. "బయటి దేశం మందైతే మన దేశంలకు ఎవడు తెచ్చిండో, ఏ లైసెన్సు మీద తెచ్చిండో రాసి ఉండాలె. లేకుంటే గొర్రె సచ్చినంక ఎవన్ని పట్టుకుంటవ్?" అనేవారు. టీకాల ఐసుపెట్టెను ఒళ్లో పెట్టుకొని బస్సులో వచ్చేవారు. పక్క సీటు ఖాళీగా ఉన్నా దించేవారు కాదు.

అలాంటి మనిషికి తెలియకుండా నేను ఫారిన్ టీకా కొన్నాను. చీటీ మీద ఏదో భాష. తెచ్చినవాడి పేరే లేదు. ఎండ పడే అరలో, కోళ్ల దాణా పక్కన ఉన్నాయా సీసాలు. "సర్కారు మందు ఉత్త నీళ్లు. గిదేస్తే గొర్ల మశూచి మీ దొడ్డి దిక్కే సూడదు" అన్నాడు దుకాణదారు. నమ్మి నా చేత్తోనే వేశాను. వారం తిరక్కుండా సగం మంద పడిపోయింది.

సారు వేసిన సూదితోనే చచ్చాయని వాడే పుకారు లేపాడు. విచారణ పెట్టారు. "నిజం చెప్తే ముందు జైలుకు పోయేది నువ్వే" అని వాడు నా చెవిలో ఊదాడు. సూది ఎవరు వేశారని అధికారి అడిగితే "తెల్వదు సార్" అన్నాను. సారును అడవిలోని మన్ననూరుకు బదిలీ చేశారు. వెళ్లే రోజు కూడా మా దొడ్డికి వచ్చి, మిగిలిన గొర్రెలకు జ్వరం చూసి, "జొరమున్నవాటిని జర ఏరుగ కట్టెయ్" అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సారు దినం నాడు వాడు తెల్లచొక్కా వేసుకొని పూలదండతో వచ్చాడు. దండ లాక్కొని బయట పారేశాను.

"ఏంది గిట్ల? సచ్చినోళ్ల కాడ లొల్లెందుకు?" అన్నాడు వాడు.

"లొల్లి ఇంకా షురూ కాలే అన్నా" అన్నాను.

సారు భార్య నన్ను లోపలికి పిలిచారు. "ఫైల్ల ఆయనదే తప్పని రాసి ఉంది. అదొక్కటి పోవాలె" అన్నారు. వాణ్ణి దేవుడు చూసుకుంటాడంది మా ఇంటామె. దేవుడికెందుకు శ్రమ, నేనున్నాను కదా!

మర్నాడే, భయంతో దాచిపెట్టిన ఖాళీ సీసాలు పట్టుకొని మందుల తనిఖీ అధికారి దగ్గరికి వెళ్లాను. సూది వేసింది సారు కాదు నేనేనని, నా తప్పే ముందు రాయించాను. "నీ మీదికి కూడ వస్తది" అన్నాడాయన. "రానియ్యండి సార్. నేను పోతే పోత, వాన్ని తీస్కొనే పోత."

వనపర్తి నడిబజారులో వాడి షట్టరుకు సీలు వేసిన రోజు నేనూ వెళ్లాను. వాడు నా దగ్గరికొచ్చి "తమ్మీ, జర మాట్లాడుదం" అన్నాడు. అధికారులు జీపెక్కి వెళ్లిపోయారు. తాళం మీది ఎర్రలక్క చల్లబడి గట్టిపడేదాకా నేనక్కడే నిలబడి చూశాను.