ఆరుద్ర కార్తెలో మోగని డప్పు

విజయనగరంలో పిల్లలకి పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు. వానలు మారిపోతున్నాయని కాగితం మీద అంకెలు చూపిస్తే ఎవరికెక్కుతుంది, చెవికెక్కిద్దాం అనుకున్నాను. మా మండలంలో ఏళ్లతరబడి పడిన వానల లెక్కలు సంపాదించి కంప్యూటర్లో డప్పు మోతగా మార్చాను. వాన పడిన రోజుకి ఒక దెబ్బ, పెద్ద వానకి పెద్ద దెబ్బ. పడని రోజు చప్పుడే ఉండదు. మోతతోపాటు నీలం గీతలు కూడా పడతాయి.

నెల్లిమర్ల దగ్గర మా మేనమామది వాన మీద ఆధారపడ్డ సేద్యం. ప్రొజెక్టర్‌తో గోడ మీద గీతలు పడేలా పెట్టి ముందు ఆయనకే వినిపించాను. మొహం చిట్లించాడు. జూన్, జూలై తనకెందుకు, కార్తెల లెక్కన కట్టమన్నాడు. వారం తిరక్కుండా కట్టి తెచ్చాను.

ఈసారి కళ్లు మూసుకుని విన్నాడు. పాత ఏళ్లలో ఆరుద్ర దడదడలాడింది. రానురాను దెబ్బలు పలచబడ్డాయి. ఈమధ్య ఏళ్లకి వచ్చేసరికి ఆరుద్రంతా గోడ తెల్లగానే ఉంది, తర్వాతి కార్తె పునర్వసుకి గాని మోగలేదు. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటూ బతుకంతా ఆ కార్తెలోనే వరినారుకి ఆకుమడి పోసిన మనిషి, మూడుసార్లు పెట్టించుకుని విన్నాడు. నేనేమో సిగ్గులేకుండా పొంగిపోయాను.

ఆ ఏడు మావ ఆరుద్రలో విత్తనం జల్లలేదు. ఆ సంగతి నాకు చెప్పలేదు.

ఆరుద్రలో వాన కుమ్మేసింది. ఊరంతా ఆకుమళ్లు పోశారు. మావ గట్టు మీద కూచుని పునర్వసు కోసం చూశాడు. అది వచ్చి నాలుగు చినుకులు రాల్చింది. ఆ తడికే జల్లాడు. తర్వాత చుక్క లేదు. ఊళ్లోవాళ్ల ఆకు అప్పటికే వేరు పట్టి నిలబడింది, మావ మడి మొలకలోనే మాడిపోయింది.

అత్త ఫోన్ చేస్తే పరుగెత్తాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆ డప్పు అయిపోయిన వానల మోతేగాని రాబోయేది చెప్పదని వినిపించిన రోజే చెప్పాల్సింది. మెప్పుకి మురిసిపోతూ కూచున్నాను, నా బుద్ధి తగలెయ్య.

అన్నం తిన్నాక కంప్యూటర్ తెరవమన్నాడు.

"ఈ ఏడుది కూడా కలిపీ అల్లుడూ. ఆరుద్రలో దెబ్బ గట్టిగా ఎయ్యి."

కలిపాను. చివరిదాకా విన్నాడు.

"సరిగానే ఉన్నాది. మరి వచ్చే ఏడు ఆకుమడి ఎప్పుడు పొయ్యమంతావు?"

ఇంత జరిగాక కూడా నన్నే అడుగుతున్నాడు. నాకేం తెలుసు మావా అనాల్సింది పోయి, మోత మళ్లీ మొదట్నుంచి పెట్టాను.