ఆయాసం మాత్రలు

మా ఆయనకి డాక్టరు చదువు ఒక్కటే తక్కువ, మిగతా హంగులన్నీ ఉండేవి. పగలు ధహ్రాన్‌లో ఆయిల్ కంపెనీ ప్లాంటులో ఇంజనీరు ఉద్యోగం, సాయంత్రం ఇంటికొచ్చాక వైద్యం. సెలవుకి ఇండియా వెళ్ళినప్పుడల్లా మా ఊళ్ళో మందుల షాపు సగం ఊడ్చుకొచ్చేవారు. సౌదీ కస్టమ్స్‌వాళ్ళు మందుల విషయంలో ఊరుకునే రకం కాదు. అందుకని వాటిని కారప్పొడి డబ్బాల అడుగున, నా చీరల మడతల్లో దాచేవారు. "నన్ను జైల్లో పెట్టించేదాకా మీకు నిద్రపట్టదా?" అని ప్రతిసారీ పోట్లాడేదాన్ని. ఆయన నవ్వేసేవారు. పక్క ఊరు ఖోబర్‌లోని అజీజియా పేట నుంచి కూడా మనవాళ్ళు మాత్రల కోసం మా ఇంటికొచ్చేవారు. ఎవరైనా "డాక్టర్ గారూ" అన్నారంటే చాలు, ఈయన మొహం చాటంత అయ్యేది.

కంపెనీవాళ్ళ ఇళ్ళున్న కాంపౌండులో మా పక్కింట్లో జమైకా వాళ్ళు ఉండేవారు. ఆయన మా ఆయనతోపాటే ప్లాంటులో పనిచేసేవాడు, ఆవిడ ఇంటిపట్టునే ఉండేది. వాళ్ళకి ఒక్కతే కూతురు. కింగ్‌స్టన్‌లో అమ్మమ్మ దగ్గర చదువుకుంటూ పరుగు పందాల్లో పేరు తెచ్చుకుంది. క్రిస్మస్ సెలవులకి అమ్మానాన్నల దగ్గరికని వచ్చింది. అంతలో గల్ఫ్ యుద్ధం ముంచుకొచ్చి విమానాలు ఆగిపోయాయి, పిల్ల ఇక్కడే ఇరుక్కుపోయింది.

వేసవిలో కింగ్‌స్టన్‌లో పోటీలున్నాయనీ, వాటిని చూడటానికి అమెరికా నుంచి ఒక కాలేజీ కోచ్ వస్తాడనీ, వంద మీటర్ల పందెం గెలిస్తే తనని చేర్చుకుంటానన్నాడనీ నాకు మొదటిరోజే చెప్పేసింది. "మీ నాన్నకి మంచి జీతమే కదమ్మా, ఏ కాలేజీలోనైనా చేరొచ్చు కదా?" అన్నాను నేను, తెలివితక్కువగా. "సీటు కొనుక్కోవచ్చు ఆంటీ. ఆ కోచ్‌ని కొనుక్కోలేం కదా. ఆయన చేతిలో పడినవాళ్ళు ఒలింపిక్స్‌కి వెళ్తారు," అంది. పద్దెనిమిదేళ్ళు అప్పుడే నిండిన పిల్ల. దానికి లోకంలో ఇంకో కోరిక ఉన్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

యుద్ధం నడిచినన్నాళ్ళూ మేమందరం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాం. కిటికీలకి టేపులు, మంచాల పక్కన గ్యాస్ మాస్కులు, సైరన్ మోగితే పిల్లల్ని ఈడ్చుకుని బాత్‌రూములో దూరడం. తెల్లారాక వాకిట్లోకి వస్తే ఈ తల్లీకూతుళ్ళు రోడ్డు మీద తయారు! ఆ తల్లి కూడా చిన్నప్పుడు స్కూల్లో పరిగెత్తిన మనిషే. టేపు పెట్టి రోడ్డు కొలిచి, ఈ దీపస్తంభం దగ్గర మొదలు, ఆ దీపస్తంభం దగ్గర ఆఖరు అని సున్నంతో గీతలు గీసింది. ఆవిడ వాచీ పట్టుకుని ఆ చివర నిలబడాలి కాబట్టి ఈ చివరకి ఒక మనిషి కావలసివచ్చింది. ఆ మనిషి నేనే.

నా పని రెండు రకాలు. పిల్ల గీత మీద వంగి కూర్చుంటే, దాని మడమల వెనక నా పాదాలు గట్టిగా ఆనించి నిలబడాలి. అసలు పందెంలో అక్కడ ఇనప దిమ్మలుంటాయట, వాటిని తన్నుకుని లేస్తారట. తర్వాత తుపాకీ మోతకి బదులు చప్పట్లు కొట్టాలి. మొదటిరోజు చెప్పులతో నిలబడ్డాను. అది తన్నిన తాపుకి అమ్మో, వేళ్ళు విరిగాయనుకున్నాను. మర్నాటినుంచి చీర ఎగ్గట్టి, మా ఆయన సేఫ్టీ బూట్లు తొడుక్కుని వెళ్ళేదాన్ని. కాంపౌండులో నన్ను చూసి నవ్వని మనిషి లేడు. నాకు మాత్రం అది లేచిన ప్రతిసారీ ఒళ్ళు పులకరించేది. నేను పెళ్ళయ్యాక పరిగెత్తి ఎరగను, బస్సు కోసం కూడా.

యుద్ధం ఆగిందని స్వీట్లు పంచుకున్నాం. అప్పుడు మొదలైంది పొగ. కువైట్‌లో తగలబడుతున్న చమురు బావుల పొగంతా గాలి ఇటు తిరిగినప్పుడల్లా మా మీదికి వచ్చేది. పట్టపగలు కార్లు లైట్లేసుకుని నడిచేవి. ఆరేసిన బట్టల నిండా మసి చుక్కలు, ముక్కు చీదితే నలుపు. మేం ఇంట్లో కూర్చునే దగ్గేవాళ్ళం. ఆ పిల్ల ఆ గాలిలోనే పరిగెత్తింది. కొన్నాళ్ళకి దాని ఛాతీలోంచి పిల్లికూతలు వినపడసాగాయి. పరుగు సగంలో ఆగిపోయి, మోకాళ్ళ మీద చేతులాన్చి, గాలి అందక గిలగిల్లాడేది. ఆస్పత్రిలో చూపిస్తే, పొగ తగ్గేదాకా పరుగు మానెయ్యమన్నారు. పోటీలేమో దగ్గరపడుతున్నాయి.

ఆరోజు అది మా సోఫాలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇక మా డాక్టరుగారు ఊరుకుంటారా? డబ్బా తెరిచి ఆయాసం మాత్రలు తీశారు. "మా నాన్నగారు వీటి మీదే ఇన్నేళ్ళు బతికారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి," అన్నారు. తల్లి ఆ మాత్రల అట్ట తిప్పిచూసి, "ఇందులో ఏముంటుంది? దాని ఆటకి ఏమీ ఇబ్బంది లేదు కదా?" అని అడిగింది. ఈయన ఆ అట్ట మీద రాసింది చదవనైనా చదవలేదు. "మైల్డ్ అండీ, చిన్నపిల్లలకి కూడా ఇస్తాం," అన్నారు. కండలు పెంచుకునే ఇంజెక్షన్ల సంగతి వాళ్ళకి తెలుసు. ముసలివాళ్ళు ఆయాసానికి వేసుకునే మాత్రలో కూడా ఆటల్లో నిషేధించిన మందు ఉంటుందని ఎవరనుకుంటారు!

మాత్రలు పనిచేశాయి. పిల్ల ఊపిరి తేలికపడింది, పరుగు మళ్ళీ దారిలోకొచ్చింది. మా ఆయన కాలరెగరేసుకుని తిరిగారు. పిల్ల కింగ్‌స్టన్ విమానం ఎక్కేముందు రెండు అట్టలు దాని చేతిలో పెట్టి, మానకుండా వేసుకోమన్నారు కూడా.

గెలిచింది. ఆ కబురు ఫోన్లో వినగానే తల్లి పెట్టిన కేక మా వంటింట్లోకి వినపడింది. నేను సేమ్యా పాయసం చేసి పట్టుకెళ్ళాను. ఇద్దరం చేతులు పట్టుకుని ఆ హాల్లో గెంతులేశాం.

గెలిచినవాళ్ళకి మూత్రపరీక్ష చేస్తారట. అందులో ఆ మందు దొరికింది. ఆవిడ మా ఇంటికొచ్చి, నిలబడే చెప్పింది. "మందు జబ్బు కోసం వేసుకుందని రుజువైతే పోటీల కమిటీ వాళ్ళు దయచూపిస్తారట. మీరే ఇచ్చారని, ఎందుకిచ్చారో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి. అంతకన్నా ఏమీ అడగను," అంది మా ఆయనతో.

"ఆలోచించి చెప్తాను," అన్నారీయన.

ఆలోచించారు, ఆలోచించారు, ఆవిడ కనిపిస్తే తప్పుకు తిరిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వంటింట్లో పట్టుకుని నిలదీశాను.

"ఇచ్చింది ఇచ్చానని చెప్పడానికి ఇంత ఆలోచనేంటండీ?"

"నీకేం, నోటితో అనడం తేలికే. ఇక్కడ డాక్టరు కానివాడు మందులివ్వడం ఎంత నేరమో తెలుసా? కంపెనీకి తెలిస్తే ఇకామా రద్దుచేసి, ఎగ్జిట్ కొట్టి దేశం నుంచి పంపించేస్తారు. పిల్లల బడి ఏమైపోద్ది?"

"డాక్టర్ గారూ అని పిలిపించుకున్నప్పుడు ఇకామా గుర్తురాలేదా?"

"అరవకే! పక్కింటికి వినపడుద్ది."

"వినపడనీండి! మీరు రాయకపోతే నేనిచ్చానని నేను రాసిస్తా. నన్నే పంపించమనండి."

ఆ మాటతో మెత్తబడ్డారు. "సరేలేవే, శుక్రవారం తీరుబడిగా రాస్తా," అన్నారు. ఆయన భయం అబద్ధమని నేననను. ఇక్కడ ఉండనిచ్చే ఆ ఇకామా కార్డు చేతిలో ఉన్నంతవరకే మా బతుకులన్నీ. కానీ ఆ పిల్ల మోకాళ్ళ మీద చేతులాన్చి గాలికోసం కొట్టుకోవడం చూసిన కళ్ళతో నేనాయన్ని చూడలేకపోయాను.

శుక్రవారం పొద్దున ఈయన బల్ల ముందు కూర్చున్నారు. కలం మూత తీశారో లేదో, బెల్లు మోగింది. ఆవిడే. మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"ఇక మీరు రాయనక్కర్లేదు," అంది.

కూతురు ఫోన్ చేసి, "అంకుల్ ఏమన్నారు?" అని అడిగిందట. ఇంకా ఆలోచిస్తున్నారని తల్లి చెప్పిందట. అంకుల్ భయపడుతున్నారని పిల్లకి అర్థమైపోయింది. మర్నాడు కమిటీ ముందుకెళ్ళి, నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనే కొనుక్కుని వేసుకున్నాను అని చెప్పేసింది. గెలుపు రద్దుచేశారు. కాలేజీవాళ్ళు మాకొద్దన్నారు. బూట్లు ఎవరికో ఇచ్చేసి, ఇంకెప్పుడూ పరిగెత్తనందట.

నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

"అమ్మయ్య," అన్నారు మా ఆయన, పైకే. కలం మూత పెట్టేశారు. తర్వాత ఆవిడకి అర్థమయ్యేలా ఇంగ్లీషులో, "గుడ్ గర్ల్. వెరీ గుడ్ గర్ల్," అన్నారు.

ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"మా అమ్మాయికి నేను పరిగెత్తడం నేర్పాను," అంది. "అబద్ధమాడటం నేర్పలేదు. అది మీకోసం నేర్చుకుంది."