కుడివైపు చూడండి

మా మేనమామ టూరిస్టు బస్సు నడుపుతాడు. అదే బస్సులో మైకు పట్టుకుని ఊరి విశేషాలు చెప్పే గైడమ్మాయిని నేను. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున ఆయన చెవిన పడిన మాట మధ్యాహ్నానికల్లా చుట్టాలందరికీ చేరుతుంది. అందుకే ఆయనంటే నాకు హడలు.

నాటకశాల మలుపులో నాలుగేళ్లుగా నేను చెప్పేది ఒకటే: "కుడివైపు గడియార స్తంభం చూడండి." ఆగిపోయిన గడియారంలో చూడటానికేముంది, నా తలకాయ. ఎడమవైపు మెట్ల మీద, నాటకశాలకు బోర్డులు రాసే అమ్మాయి ఉంటుంది. నేను ప్రేమించిన అమ్మాయి.

స్వలింగ ప్రేమికులు ఏటా వేసవిలో జరుపుకునే ఉత్సవం ఈ శనివారం మొదలైంది. వాళ్ల ఊరేగింపు అడ్డొచ్చి బస్సు సరిగ్గా ఆ మలుపులోనే ఆగింది. టూరిస్టులంతా ఎడమవైపు కిటికీలకు ఎగబడ్డారు. రంగుల జెండాల మధ్య నుంచి ఆమె నాకు చేయి ఊపింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెమటకు మైకు జారుతోంది. "కుడివైపు..." అన్నాను. ఎవరూ అటు తిరగలేదు.

మామయ్య ఇంజను ఆపి నా వైపు తిరిగాడు. సాయంత్రానికి అమ్మకు తెలిసిపోతుంది, ఇక ఇంట్లో నాకు చోటుండదు అనుకున్నాను.

"నువ్వు అందర్నీ కుడివైపు చూడమన్నా, నేను ఎడమవైపు అద్దం చూసుకోవాలి కదమ్మా," అన్నాడు మెల్లగా. "నాలుగేళ్ల నుంచి ఆ పిల్ల చేయి ఊపుతూనే ఉంది. నువ్వే ఒక్కసారీ ఊపలేదు."

మైకు పక్కన పెట్టి, ఎడమవైపు తిరిగి చేయి ఊపాను. నువ్వుగింజ నానని ఆ నోట్లో నా రహస్యం నాలుగేళ్లు దాగింది.