ఆథల్‌తో ఒక చుట్టు

మా వారిక్ ఊళ్ళో ఎవరు పోయినా ఆఖరి ప్రయాణం మెర్విన్ స్టోల్ట్స్ నడిపే కారులోనే. నల్ల కోటు, నల్ల టై, నున్నగా దువ్విన తల. చర్చి నుంచి శ్మశానం దాకా ఆ పొడుగాటి కారును ఎంత నిదానంగా పోనిస్తాడంటే, వెనక నడిచే ముసలివాళ్ళు దాన్ని దాటిపోకుండా జాగ్రత్తపడాలి. శవపేటిక మీది పూలలోంచి ఒక్క రేకు రాలదు.

అదే మనిషి ఆదివారం మా రిమోట్ బొమ్మకార్ల పందేల క్లబ్బుకొచ్చి, ట్రాకు పక్కన మంచె ఎక్కి రిమోట్ చేతిలోకి తీసుకున్నాడంటే ఇక వేరే మనిషే. బగ్గీ అనే అతని బొమ్మకారు బూట్ల పెట్టెంత ఉంటుంది. మోటారు గీపెడుతుండగా మొదటి మలుపు దాకా బాణంలా దూసుకెళ్తుంది. రెండో మలుపు చూడడం అరుదు. మట్టి దిబ్బ మీంచి ఎగిరి, గాల్లో పల్టీ కొట్టి, వెల్లకిలా పడి, చక్రాలు గిరగిరా తిప్పుకుంటూ ఆకాశం చూస్తూ ఉండిపోతుంది. ట్రాకు పక్కన నిలబడ్డవాళ్ళెవరో పరుగెత్తుకెళ్ళి దాన్ని తిప్పి నిలబెట్టాలి. ఆ పని మాలో అందరికీ వంతుల వారీగా వస్తుంది. మెర్విన్ పందెంలో ఉన్నాడంటే, వంతు వచ్చినవాళ్ళు ముందే బూట్ల తాళ్ళు బిగించుకుంటారు.

క్లబ్బులో మైకు పట్టుకుని పందెం వర్ణించే పని నాది. 'మెర్విన్ మళ్ళీ బోల్తా' అన్నన్నిసార్లు నేను ఇంకే మాటా అని ఉండను.

మెర్విన్ లెక్కలో మాత్రం లోపం ఎప్పుడూ నడపడంలో లేదు, సామానులో ఉంది. ఒక నెల టైర్ల ముళ్ళు అరిగాయి. ఇంకో నెల స్ప్రింగులు మెత్తబడ్డాయి. చక్రాలను పట్టుకునే ప్లాస్టిక్ కడ్డీలు తీసేసి అల్యూమినియంవి వేశాడు. అవి బరువయ్యాయని ఇంకా బలమైన మోటారు పెట్టాడు. ఆ బలానికి గేర్ల పళ్ళు రాలిపోతే ఉక్కు గేర్లు తెప్పించాడు. వాళ్ళింటికి పార్సిళ్ళు తెచ్చే పోస్టమ్మాయిని చూసి వాళ్ళ కుక్క కూడా మొరగడం మానేసింది.

భార్య గ్లెనిస్ క్లబ్బులో టీ బల్ల చూసుకుంటుంది. ఆమె గుమ్మడికాయతో చేసే స్కోన్లనే చిన్న రొట్టెల కోసమే వచ్చేవాళ్ళున్నారు. ఒకసారి పార్సిల్ మొగుడి ముందు పెట్టి అడిగింది.

"ఈసారి ఏం పాడైంది మెర్వ్?"

"పాడవడమేంటి? మెరుగు చేస్తున్నా."

"మరి పోయిన నెల మెరుగు చేసింది?"

"దానికి తగ్గట్టు ఇది ఉండాలిగా!"

"నీకు తగ్గట్టు నేనున్నానుగా, అలాగా?" అని నవ్వి వెళ్ళిపోయింది. మెర్విన్ అప్పటికే కత్తెర తీసుకుని పార్సిల్ మీద పడ్డాడు.

మా ట్రాకు కట్టింది ఆథల్ బిరెల్. కౌన్సిల్ రోడ్లు చదును చేసే గ్రేడర్ నడిపి రిటైరైన మనిషి. ప్రదర్శనలు జరిగే మైదానం వెనక గడ్డి మొలిచిన మూల ఒకటి ఊరికే పడుంటే, అడిగి తీసుకుని ప్రతి దిబ్బా తన పారతోనే పోశాడు. ప్రతి ఆదివారం మాకంటే ముందే వచ్చి, దుమ్ము లేవకుండా గొట్టంతో ట్రాకంతా తడిపేవాడు. ఆయన బగ్గీ మా అందరి బగ్గీల కన్నా పాతది. విరిగినచోటల్లా ప్లాస్టిక్ తాళ్ళు బిగించి ఉండేవి. దాంతోనే నిమ్మళంగా తిరుగుతూ, ఎగిరిపడే కుర్రకారునంతా ఒక్కొక్కరినే దాటేసేవాడు.

ఆయనకు మెర్విన్‌ను ఏడిపించడమంటే స్కోన్ల కన్నా ఇష్టం. మడతకుర్చీలో కూర్చుని, గొంతెత్తి పిలిచేవాడు.

"ఒరేయ్ మెర్వ్! నీ బండిలో నువ్వింకా మార్చనిది ఒక్కటే మిగిలిందిరా."

"ఏంటది?" మెర్విన్‌కు నిజంగానే ఆశ.

"రిమోట్ పట్టుకున్నవాడు."

"నీ బండిలో మార్చకుండా మిగిలింది ఏంటో చెప్పనా? దుమ్ము!"

"ఆ దుమ్ము చూస్తూనేగా నువ్వు నా వెనకాల వస్తుంటావు."

ఇలా ఏళ్ళ తరబడి సాగింది. ఒక చలికాలంలో ఆథల్‌కు ఊపిరితిత్తులు పట్టేశాయి. ముక్కుకు గొట్టం, పక్కన చక్రాల మీద ఆక్సిజన్ సిలిండరు. అయినా కూతురు రాస్‌లిన్ కారులో వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. పారా, నీళ్ళ గొట్టం మాకు వదిలేశాడు. మేం ఎక్కడ ఎక్కువ తడిపామో అక్కడల్లా తిట్లు మాత్రం ఆయనవే.

ఒక ఆదివారం పందేలు అయ్యాక మెర్విన్‌ను దగ్గరికి పిలిచాడు. నేను పక్కనే మైకు తీగ చుడుతున్నాను.

"మెర్వ్, నువ్వు నన్ను రెండుసార్లు మొయ్యాలి."

"రెండుసార్లెందుకు? ఒకసారి సరిగ్గా మోస్తే చాలదూ?" అన్నాడు మెర్విన్. ఇలాంటి మాటలకు తడబడని వృత్తి అతనిది.

"మొదటిసారి నీ నల్లకారులో. అది ఎలాగూ నీ ఉద్యోగం. తర్వాత దహనం చేస్తారుగా. ఆ బూడిద కాస్త చిన్న డబ్బాలో పోసి, అడుగున చిల్లు పెట్టి, నీ బగ్గీ మీద కట్టు. ట్రాకు చుట్టూ ఒక్కసారి తిప్పు. అంతటా సమంగా పడాలి. దిబ్బల మీద కూడా. నేను పోసిన మట్టే కదా, అందులో కలిసిపోతా."

మెర్విన్ తన బగ్గీ వంక చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నా బగ్గీయా? ఆథల్, నేను మొదటి మలుపు దాటను. నీకు తెలుసుగా. ఒక్కచోటే కుప్పగా పడిపోతావు."

"తెలుసురా. అయినా ఊళ్ళో చచ్చినవాళ్ళని కుదుపు లేకుండా తీసుకెళ్ళేది నువ్వొక్కడివే. ఆ మనిషిని ఆదివారం కూడా తీసుకురా. అంతే."

మా దగ్గర చలికాలం ముగిసే సెప్టెంబరు మొదట్లో ఆథల్ పోయాడు. మెర్విన్ మొదటి ప్రయాణం ఎప్పటిలాగే చేయించాడు. రెండో దానికి ఇంకో రెండు వారాల గడువుంది. షెడ్డులో బగ్గీని బల్ల మీద పెట్టి కూర్చుంటే అప్పుడతనికి అర్థమైంది, ఇన్నేళ్ళుగా కొన్న సామానంతా వేగం కోసమే కొన్నదని. ఆ మోటారుకు నడవడం తెలియదు. రిమోట్ మీద వేలు కదిలిస్తే ఉన్నచోట వణుకుతుంది, ఇంకాస్త కదిలిస్తే ఎగిరిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఏమీ లేదు.

కాబట్టి మెర్విన్ విప్పడం మొదలుపెట్టాడు. పెద్ద మోటారు తీసేసి, బగ్గీతోపాటు పెట్టెలో వచ్చిన చిన్న మోటారు అటక మీంచి దించాడు. గేరు చిన్నది వేశాడు. అల్యూమినియం కడ్డీలు తీసి ప్లాస్టిక్‌వి పెట్టాడు. మెత్తటి స్ప్రింగులు బిగించాడు, షాకబ్జార్బర్లలో చిక్కటి నూనె పోశాడు. గ్లెనిస్ టీ తీసుకొచ్చి, బల్ల మీది కుప్ప చూసి, "ఇవన్నీ నువ్వే విప్పావా? ఒంట్లో బాగానే ఉందా?" అని నుదురు ముట్టుకుని చూసింది.

పిప్పరమెంటు డబ్బాకు చిల్లు పెట్టి, మైదాపిండి పోసి, ఇంటి వెనక పెరట్లో అభ్యాసం మొదలైంది. పిండి గీత చూస్తే అతను ఎక్కడ తడబడ్డాడో తెలిసిపోయేది. వేలు వణికినచోట కుప్ప, తొందరపడ్డచోట ఖాళీ. మొదటి రోజు గులాబీ మొక్క దగ్గర బగ్గీ తిరగబడి డబ్బా మొత్తం ఖాళీ అయింది.

"ఆథల్ గులాబీలకే పోయాడన్నమాట," అంది గ్లెనిస్ కిటికీలోంచి.

"నవ్వకు గ్లెన్. నాకు భయంగా ఉంది."

ఆమె బయటికొచ్చి పక్కన నిలబడింది. "కారులో ఏం చేస్తావు? ఎలా నడుపుతావు?"

"ఏమీ చెయ్యను. వెనకాల మనిషి నిద్రపోతున్నాడనుకుంటాను. లేపకూడదనుకుంటాను."

"అయితే ఇక్కడా అదే అనుకో."

గడువు ముగిసేనాటికి పెరటి గడ్డి మీద పిండి గీత సన్నగా, తెగకుండా, చెయ్యి తిరిగిన ఇల్లాలు వేసిన ముగ్గులా వచ్చింది. కుక్క మాత్రం పొట్టంతా తెల్లగా చేసుకుని తిరిగింది.

ఆ ఆదివారం పొద్దుటి పందేలకు దిగకుండా, అవి అయ్యాకే మెర్విన్ నల్ల కోటు, నల్ల టైతోనే వచ్చి మంచె ఎక్కాడు. మేం టోపీలు తీసి ట్రాకు చుట్టూ నిలబడ్డాం. రాస్‌లిన్ డబ్బా తెచ్చి బగ్గీ మీద తనే బిగించింది. నేను మైకు ఆపేశాను. ఆ ఒక్క చుట్టు వర్ణించేది కాదు.

బగ్గీ కదిలింది. చప్పుడు కూడా లేదు. వెనకాల బూడిద రంగు గీత సన్నగా సాగింది. మొదటి మలుపు దాటింది. మా అందరి గుండెల్లోంచి ఒకేసారి గాలి బయటికొచ్చింది. రెండో మలుపు దాటింది. పెద్ద దిబ్బ దగ్గర కొంచెం ముక్కెత్తి, ముసలాయన మెట్లెక్కినట్టు ఎక్కి, అవతల అంతే మెల్లగా దిగింది.

అప్పుడు వచ్చింది మ్యాగ్‌పై అనే ఆ నలుపు తెలుపు పిట్ట. మైదానం అంచున యూకలిప్టస్ చెట్టు మీద గూడు పెట్టింది. ఆ నెలంతా అది ఎవరి తల కనపడితే వాళ్ళ మీదికి దూకుతోంది. మేం టోపీలు తీసి ఉన్నా మమ్మల్నెవరినీ పట్టించుకోకుండా, నేరుగా వచ్చి మంచె మీద మెర్విన్ నెత్తిన ఒక్కటి పొడిచింది. రాస్‌లిన్ "అయ్యో!" అంది. మెర్విన్ తల తిప్పలేదు, భుజం కదపలేదు. పిట్ట తిరిగొచ్చి మళ్ళీ పొడిచింది. నున్నగా దువ్విన జుట్టులోంచి రక్తం చెవి పక్కగా కారింది. అతని మొహంలో మాత్రం శ్మశానం గేటు ముందు కారు ఆపేటప్పుడుండే ఆ నిబ్బరమే. గ్లెనిస్ టీ బల్ల దగ్గర్నుంచి ట్రే పట్టుకుని పరుగెత్తి, మంచె ఎక్కి, మూడోసారి దూకిన పిట్టకు, మొగుడి తలకు మధ్య ఆ ట్రే పట్టింది. టంగుమని మోగింది. బగ్గీ ఊగలేదు. బయలుదేరిన గీత దగ్గరికే వచ్చి ఆగింది. డబ్బా ఖాళీ.

రాస్‌లిన్ ట్రాకంతా కళ్ళతోనే ఒకసారి తిరిగింది. "ఎక్కడా తెగలేదు," అంది. తర్వాత ఏడ్చింది. మెర్విన్ అప్పుడు రిమోట్ కింద పెట్టి, తల పట్టుకుని, "ఆ దిక్కుమాలిన పిట్టేదీ?" అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళంతా నవ్వేశారు.

ఆ మధ్యాహ్నమంతా మేం ఆథల్ మీదుగానే బండ్లు నడిపాం. ఆయన కోరింది అదే.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. పొద్దున్న పందేల్లో ఎవరెన్ని చుట్లు తిరిగారన్న దాన్ని బట్టి మధ్యాహ్నం మూడు గుంపులుగా ఫైనల్సు పెడతాం. చివరి గుంపు ఎప్పుడూ మెర్విన్‌ది. ఆ విషయంలో ఎవరికీ తగాదా లేదు. ఆ రోజు అతని పందెం వెంటనే ఉండడంతో మోటారు మార్చుకునే తీరిక దొరకలేదు. తలకు పట్టీ కట్టుకుని, ఆ చిన్న మోటారుతోనే, ఆ మెత్తటి స్ప్రింగులతోనే దిగాడు. ముందున్నవాళ్ళు రివ్వున పోయారు, గుద్దుకున్నారు, పల్టీ కొట్టారు, విరగ్గొట్టుకున్నారు. మెర్విన్ వాళ్ళ మధ్య నుంచి మర్యాదగా దాటుకుంటూ పోయాడు. ఒక్కసారీ బోల్తా పడలేదు. వంతు వచ్చి నిలబడ్డవాళ్ళకు తోచక చేతులు కట్టుకున్నారు. మైకులో నా పాత మాటకు పని లేకుండా పోయింది.

చివరి గుంపు గెలిచినవాళ్ళకు పై గుంపులో చోటుంటుంది కాబట్టి మధ్య గుంపుకు ఎక్కాడు. అక్కడ మూడో స్థానంలో వచ్చి, కసాయి కొట్టువాడు మా క్లబ్బుకు బహుమతిగా ఇచ్చే మాంసం పళ్ళెం గెలుచుకున్నాడు. సాసేజ్‌లు, చాప్స్, పైన కొత్తిమీర లాంటి పార్స్లీ కొమ్మ. మెర్విన్ దాన్ని రెండు చేతులా పట్టుకుని ఫొటోకు నిలబడ్డాడు. తల మీద పట్టీ, మెడలో నల్ల టై.

ఇక మనిషికి దారి దొరికిందనుకున్నాం. మరుసటి నెల పెద్ద మోటారు మళ్ళీ ఎక్కింది. అల్యూమినియం కడ్డీలు ఎక్కాయి. కొత్తగా ఎర్ర రంగు రిమ్ములు కూడా. మొదటి మలుపులో బోల్తా పడ్డాడు. నేను మైకులో ఆ మాట అంటుంటే, ఎందుకో గొంతులో హాయిగా అనిపించింది.

టీ బల్ల దగ్గర అడిగాను. "ఏంటి మెర్వ్ ఇది? ఆ రోజు అంత చక్కగా గెలిచావుగా?"

"గెలిచాన్లే. నిజం చెప్పనా? నాలుగో చుట్టుకల్లా ఆవులింత వచ్చింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను చేసేది అదే కదా!"

గ్లెనిస్ స్కోను మీద జామ్ రాస్తూ తలెత్తకుండా అంది. "ఆ మాంసం ఎంత బాగుందో తెలుసా? ఏడాదికొకసారైనా ఆవులించకూడదూ?"

అప్పుడే రాస్‌లిన్ తండ్రి బగ్గీ చంకలో పెట్టుకుని వచ్చింది. ప్లాస్టిక్ తాళ్ళు, దుమ్ము, అన్నీ అలాగే ఉన్నాయి. తనకు నేర్పమంది. మాలో ఎవరైనా నోరు తెరిచేలోపే మెర్విన్ లేచి, ఆమెకు కుర్చీ లాగాడు.

"కూర్చో. ముందు నీకు మంచి మోటారు ఒకటి చూద్దాం," అన్నాడు.